ధైర్యం ఆయనది, ఖర్చు ఎవరిది?

1950 జూన్ 27 రాత్రి సియోల్ రేడియోలో దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ గొంతు వినిపించింది. ఉత్తర కొరియా ట్యాంకులు అప్పటికే నగరం పొలిమేరల దాకా వచ్చేశాయి. అమెరికా సాయం వస్తోంది, కంగారు పడొద్దు అన్నది ఆ ప్రసంగం సారం. విన్నవాళ్లలో చాలామంది అధ్యక్షుడు తమ మధ్యే ఉన్నాడనుకున్నారు. కానీ ఆయన ఆ రోజు తెల్లవారకముందే రైలెక్కి వెళ్లిపోయాడు. దక్షిణాన ఉన్న తేజోన్ నుంచి ఫోన్‌లో మాట్లాడితే, దాన్ని రికార్డు చేసి సియోల్‌లో వేశారు.

ఆ అర్ధరాత్రి దాటాక, రెండున్నర ప్రాంతంలో, సొంత సైన్యమే హాన్ నది మీది వంతెనను పేల్చేసింది. అప్పటికి వంతెన మీద జనం నడుస్తూనే ఉన్నారు. వందల మంది పోయారు. సైన్యంలో చాలా భాగం అవతలి ఒడ్డునే చిక్కుకుపోయింది. సెప్టెంబరులో నగరం మళ్లీ చేతికొచ్చాక, శత్రువుతో చేతులు కలిపారా అని అక్కడ ఉండిపోయినవాళ్లనే నిలదీశారు. రేడియో మాట నమ్మడమే వాళ్లలో కొందరి నేరమైంది. వంతెన పేల్చిన ఇంజినీర్ల దళం అధిపతికి అదే నెలలో మరణశిక్ష అమలు చేశారు. 1964లో కేసు తిరగదోడి, అతను నిర్దోషి అని తేల్చారు. అధ్యక్షుడు మాత్రం ఇంకో పదేళ్లు, 1960 ఏప్రిల్‌లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చేదాకా, కుర్చీలోనే ఉన్నాడు.

రీ రాజధాని వదిలి వెళ్లడం తప్పని నేననను. దేశాధ్యక్షుడు శత్రువు చేతికి చిక్కితే యుద్ధం ఆ పూటకే ముగిసిపోవచ్చు. వెళ్లడం ఒక్కోసారి బాధ్యతే. తాను వెళ్లిపోయి, మిగతావాళ్లకి మాత్రం ఏమీ కాదని ధైర్యం చెప్పాడు చూడండి, అక్కడుంది తప్పు.

నాయకుల ధైర్యం గురించి మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ వంతెనే గుర్తొస్తుంది. మనం మామూలుగా ధైర్యాన్ని గొంతుతో కొలుస్తాం. బల్ల గుద్ది మాట్లాడితే ధైర్యవంతుడు, ఒకడుగు వెనక్కి వేస్తే పిరికివాడు. సంక్షోభం ముంచుకొచ్చినప్పుడైతే ఈ కొలత ఇంకా మొరటుగా తయారవుతుంది. ఎవరు గట్టిగా అరిస్తే వాడే మొనగాడు. నేను చూసేది ఒక్కటే: ఆ నిర్ణయానికి బిల్లు ఎవరు కట్టారు? ఆయనే కట్టాడా, ఇంకొకరి పేరు మీద రాయించాడా? ఇలా అడగడం మొదలుపెడితే చాలామంది మొనగాళ్లు తేలిపోతారు. పిరికివాళ్లని ముద్రపడ్డ కొందరిని మళ్లీ తీరిగ్గా చూడాల్సి వస్తుంది.

2022 ఫిబ్రవరి 25 రాత్రి కీవ్‌లో జెలెన్‌స్కీ తీసుకున్న వీడియో చాలామంది చూసే ఉంటారు. అర నిమిషం ఉంటుందేమో. అధ్యక్ష కార్యాలయం ముందు వీధిలో నిలబడి, చేతిలో ఫోన్ పట్టుకుని, పక్కనున్నవాళ్లని ఒక్కొక్కరినే చూపిస్తాడు. ప్రధాని ఇక్కడే ఉన్నాడు, అధ్యక్షుడు ఇక్కడే ఉన్నాడు, అందరం ఇక్కడే ఉన్నాం. అంతే. అందులో ప్రసంగం లేదు, వాగ్దానం లేదు. ఆయన పారిపోయాడన్న పుకార్లు జోరుగా నడుస్తున్నాయి, రష్యా బలగాలు నగరం అంచుకి చేరాయి. ఆ ముందు రోజే 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లెవరూ దేశం దాటకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఆ వీడియో విలువ నాకు తెలిసేది ఈ ఆంక్ష పక్కన పెట్టి చూసినప్పుడే. జనాన్ని కదలొద్దన్నవాడు తానూ కదల్లేదు. రీ చెయ్యనిది ఇదే.

దీనికి ఆరు నెలల ముందు, 2021 ఆగస్టు 15న, కాబూల్‌లో అఫ్గానిస్తాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ హెలికాప్టర్ ఎక్కి ఉజ్బెకిస్తాన్ మీదుగా వెళ్లిపోయాడు. ఆయన మీద రాళ్లు వేయడం సులువు. సైన్యం అప్పటికే చేతులెత్తేసింది. పాతికేళ్ల ముందు మాజీ అధ్యక్షుడు నజీబుల్లాను తాలిబన్లు చంపి నడివీధిలో వేలాడదీసిన సంగతి ఆ దేశంలో ఎవరూ మర్చిపోయి ఉండరు. రక్తపాతం తప్పించడానికే వెళ్లానన్నాడు ఘనీ. ఒప్పుకుందాం. కానీ సొంత మంత్రుల్లోనే చాలామందికి చెప్పకుండా వెళ్లాడు. మా చేతులు వెనక్కి కట్టేసి పోయారని రక్షణ మంత్రే బహిరంగంగా వాపోయాడు. భయపడ్డందుకు నేను ఎవరినీ తప్పుపట్టను. ఆ భయం ఖరీదు మిగతావాళ్ల నెత్తిన పడేసి, వాళ్లకి కబురైనా చెప్పకపోవడం మాత్రం మింగుడుపడదు.

అలాగని జెలెన్‌స్కీకి జీవితకాలం చెల్లే ధైర్య పతకం ఇవ్వక్కర్లేదు. 2025 జులైలో అవినీతి నిరోధక సంస్థల స్వతంత్రతను కత్తిరించే చట్టం మీద సంతకం పెట్టింది ఈయనే. యుద్ధం నడుస్తుండగానే జనం వీధుల్లోకి వచ్చి నిలదీస్తే, పది రోజులు తిరక్కుండా వెనక్కి తీసుకున్నాడు. ఒక రాత్రి చూపిన తెగువ ఇంకో రోజు ఉంటుందన్న గ్యారంటీ ఎవరి విషయంలోనూ లేదు. అందుకే నేను మనిషిని కాకుండా నిర్ణయాన్ని చూడాలంటాను.

ఇక అందరూ ఉదాహరణగా చెప్పే 1962 అక్టోబరుకి వద్దాం. క్యూబాలో సోవియట్ క్షిపణులు, అమెరికా నౌకాదిగ్బంధం, పదమూడు రోజుల టెన్షన్. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ రెప్ప వేయకుండా చూశాడు, సోవియట్ నేత ఖ్రుశ్చేవ్ రెప్ప వేశాడు. లోకంలో స్థిరపడ్డ కథ ఇది. గట్టిగా నిలబడితే ఎదుటివాడు దిగొస్తాడన్నది ఆ కథ నేర్పిన పాఠం.

ఆ రోజుల్లో వైట్‌హౌస్‌లో జరిగిన మాటలు చాలావరకు టేపుల్లో ఉన్నాయి, ఆ యంత్రాలు పెట్టించింది కెన్నెడీయే. అక్టోబరు 19న సైనికాధిపతులతో సమావేశం. దాడి చెయ్యకుండా దిగ్బంధంతో సరిపెట్టడం దాదాపు మ్యూనిక్ అంత ఘోరమని వైమానిక దళాధిపతి కర్టిస్ లీమే మొహం మీదే అన్నాడు. 1938లో హిట్లర్‌కి తలొగ్గిన మ్యూనిక్ ఒప్పందాన్ని గుర్తు చేయడం ఏ అమెరికా అధ్యక్షుడికైనా అవమానమే. కెన్నెడీకి అది ఇంటి మీదకి వచ్చిన మాట. ఆ ఒప్పందం నాటికి లండన్‌లో అమెరికా రాయబారి ఆయన తండ్రే, దాన్ని సమర్థించినవాడు కూడా. కెన్నెడీ కస్సుమనలేదు. తన పౌరుషం నిరూపించుకోవడానికి అప్పటికప్పుడు ఏమీ చెయ్యలేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి అదెంత కష్టమో ఊహించండి.

అసలు పరీక్ష 27న, శనివారం. టర్కీలోని మీ క్షిపణులు తీసేస్తే క్యూబావి మేం తీసేస్తామని మాస్కో రేడియో ప్రకటించింది. టర్కీలో ఉన్నవి పదిహేను జూపిటర్ క్షిపణులు. అప్పటికే కాలం చెల్లిన సరుకు. అయినా గదిలో ఉన్న సలహాదారుల్లో ఎక్కువమంది ససేమిరా అన్నారు. మిత్రదేశాలు మనల్ని నమ్మవు, కూటమి చెదిరిపోతుంది అన్నది వాళ్ల వాదన. టేపుల్లో కెన్నెడీ దాదాపు ఒంటరిగా ఒకే మాట తిప్పి తిప్పి చెబుతుంటాడు. బయటివాడెవడు చూసినా ఇది న్యాయమైన బేరమే అంటాడు, పనికిరాని క్షిపణుల కోసం యుద్ధానికి దిగామని రేపు ఎవరికి చెప్పుకుంటాం? అదే రోజు క్యూబా మీద అమెరికా నిఘా విమానం యూ-2ను కూల్చేశారు. పైలట్ మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. విమానం కూలిస్తే ఆ క్షిపణి స్థావరం మీద బాంబులు వేయాలని ముందే అనుకుని ఉన్నారు. కెన్నెడీ ఆపాడు.

సాయంత్రం ఆయన తమ్ముడు రాబర్ట్ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌ని కలిశాడు. టర్కీ క్షిపణులు నాలుగైదు నెలల్లో తీసేస్తాం, కానీ ఈ సంగతి బయటికి పొక్కకూడదు. మర్నాడు ఖ్రుశ్చేవ్ క్షిపణులు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించాడు. 1963 ఏప్రిల్‌కల్లా జూపిటర్లు చడీచప్పుడు లేకుండా టర్కీ దాటిపోయాయి.

జనరళ్లకి అడ్డం నిలబడటం, పిరికివాడన్న మాటను మింగడం, ఆ శనివారం బాంబులు ఆపడం ఎంతో గొప్ప ధైర్యం. నేను చదివినంతలో ఏ అధ్యక్షుడూ దాన్ని దాటలేదు. కానీ బిల్లు దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి వెనక్కి పోయింది. పది రోజుల్లో అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కి ఎన్నికలున్నాయి. బేరం జరిగిందని తెలిస్తే పరువు పోతుంది. అందుకే రహస్యం. ఐక్యరాజ్య సమితిలో అమెరికా రాయబారి అడ్లాయ్ స్టీవెన్‌సన్ మొదటి రోజుల్లోనే ఇలాంటి బేరం గురించి మాట్లాడాడు. డిసెంబరులో ఒక పెద్ద పత్రికలో వ్యాసం వచ్చింది: స్టీవెన్‌సన్ మ్యూనిక్ కోరుకున్నాడట! రాసిన ఇద్దరూ కెన్నెడీకి మిత్రులు. స్టీవెన్‌సన్ చెప్పినలాంటి బేరమే అధ్యక్షుడు గుట్టుగా చేశాడు, పిరికివాడన్న పేరు మాత్రం స్టీవెన్‌సన్‌కి మిగిలింది. ఖ్రుశ్చేవ్‌కి కూడా తను సాధించుకున్నది బయటికి చెప్పుకునే వీల్లేకపోయింది. రెండేళ్లు తిరిగేసరికి సొంత పార్టీవాళ్లే దించేశారు. క్యూబాలో పరువు పోగొట్టాడన్నది ఆయన మీద మోపిన నేరాల్లో ఒకటి.

అంతకంటే పెద్ద బిల్లు ఇంకోటి ఉంది. బేరం ఖరారైన ఆ సాయంత్రపు చిన్న సమావేశానికి ఉపాధ్యక్షుడు లిండన్ జాన్సన్‌ని పిలవలేదు. ఏడాది తర్వాత ఆయనే అధ్యక్షుడయ్యాడు. గట్టిగా నిలబడితే కమ్యూనిస్టులు దిగొస్తారన్న కథే ఆయన ముందున్నది. అసలు సంగతి తెలిసిన విదేశాంగ మంత్రి రస్క్, రక్షణ మంత్రి మెక్‌నమారా, భద్రతా సలహాదారు బండీ ఆయన కొలువులోనే ఉన్నారు. ఆ రహస్యాన్ని ఏళ్ల తరబడి కాపాడారు. 1965లో జాన్సన్ వియత్నాంలోకి సైన్యాన్ని దించడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటినీ దీనికి ముడిపెట్టను. కానీ దాచిన ధైర్యం తర్వాతి తరానికి తప్పుడు పాఠం చెబుతుందన్నది మాత్రం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. వెనక్కి తగ్గడం కూడా నాయకత్వమేనని కెన్నెడీ 1962లోనే నోరు తెరిచి చెప్పి ఉంటే?

ఇందులో వింత ఏమిటంటే, బిల్లు కడితే ఏమవుతుందో ఆయనకి ముందే తెలుసు. 1961 ఏప్రిల్‌లో క్యూబా మీదకి పంపిన దళం బే ఆఫ్ పిగ్స్ దగ్గర చిత్తుగా ఓడిపోయినప్పుడు, ప్రభుత్వంలో బాధ్యత తనదేనని విలేకరుల ముందు చెప్పాడు. గ్యాలప్ సర్వేలో ఆయనకి మద్దతు 83 శాతానికి పెరిగింది. తప్పు నాదే అన్నవాణ్ని జనం మనం అనుకున్నంత తొందరగా కింద పడేయరు. రాజకీయ నాయకులు ఎన్నిసార్లు చూసినా నమ్మని సంగతి ఇది.

ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్‌ది ఇంకో రకం. 1961 ఏప్రిల్‌లో, ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో నలుగురు జనరళ్లు తిరుగుబాటు చేస్తే, సైనిక దుస్తులు వేసుకుని టీవీ ముందుకొచ్చి, వాళ్ల మాట వినొద్దని సైనికులకి నేరుగా చెప్పాడు. అల్జీరియాలోని కుర్ర సైనికులు ట్రాన్సిస్టర్లలో ఆ ప్రసంగం విన్నారు, తిరుగుబాటు నాలుగైదు రోజుల్లో కూలిపోయింది. అదే మనిషి 1968 మే 29న, విద్యార్థులూ కార్మికులూ దేశాన్ని స్తంభింపజేసిన వేళ, సొంత ప్రధానికి కూడా చెప్పకుండా హెలికాప్టర్‌లో జర్మనీలోని ఫ్రెంచి సైనిక స్థావరానికి వెళ్లిపోయాడు. కొన్ని గంటల పాటు అధ్యక్షుడెక్కడున్నాడో పారిస్‌లో ఎవరికీ తెలియదు. అది వ్యూహమా, మనసు జారిపోవడమా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. మర్నాడు తిరిగొచ్చి రేడియోలో ఎన్నికలు ప్రకటించాడు. మరుసటి ఏడాది తాను పెట్టిన రెఫరెండంలో ఓడిపోయాడు. ఓడితే పోతానన్నాడు, పోయాడు.

దూకుడునే ధైర్యమనుకునేవాళ్లకి 2024 డిసెంబరు 3 రాత్రి చాలు. దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో సైనిక పాలన ప్రకటించాడు. చూడటానికి ఎంత తెగింపు! ఎంపీలు సైనికులను దాటుకుని సభలోకి చేరి 190-0తో అది చెల్లదన్నారు. తెల్లారేసరికి వెనక్కి తీసుకున్నాడు, ఏప్రిల్‌లో పదవి ఊడింది.

చేతిలో కలం తప్ప మరేమీ లేని అధ్యక్షుల సంగతి వేరు. మన రాష్ట్రపతులు అలాంటివాళ్లే. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టారు. అప్పటికి మంత్రివర్గం సమావేశమే కాలేదు. మంత్రులకి తెలిసింది మర్నాడు పొద్దున ఆరింటికి. ఆనాటి రాజ్యాంగంలో సలహాను పునఃపరిశీలనకి తిప్పి పంపే అధికారం రాష్ట్రపతికి స్పష్టంగా లేదు, అది 1978లో 44వ సవరణతో వచ్చింది. ఆయన పక్షాన ఈ మాట చెప్పుకోవాలి. కానీ "మంత్రివర్గం ఆమోదించిందా?" అని అడగడానికి ఏ సవరణా అక్కర్లేదు. పొద్దుటి దాకా ఆగమనడానికీ అక్కర్లేదు. ఆ తర్వాత 21 నెలల్లో లక్షకు పైగా మనుషులు విచారణ లేకుండా జైళ్లలో ఉన్నారు.

1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని కేంద్రం సిఫారసు చేస్తే కె.ఆర్. నారాయణన్ తిప్పి పంపారు. గుజ్రాల్ ప్రభుత్వం ఊరుకుంది. మరుసటి ఏడాది బిహార్ విషయంలో వాజ్‌పేయి ప్రభుత్వానికీ అదే జరిగింది. మొదటిసారి అడ్డుకున్నది ఒక పక్షాన్ని, రెండోసారి వాళ్ల ప్రత్యర్థుల్ని. నాకు నచ్చేది ఈ భాగమే. ఒకసారి తిప్పి పంపితే గిట్టని పార్టీ మీద కోపం అనుకోవచ్చు, రెండు వైపులా తిప్పి పంపినవాణ్ని ఏమనాలి? అందరికీ కంటగింపు కావడం కూడా ఒక బిల్లే, ఆయన రెండుసార్లు కట్టారు. 2005 మేలో మాస్కో పర్యటనలో ఉండగా బిహార్ అసెంబ్లీ రద్దు మీద అబ్దుల్ కలాం అర్ధరాత్రి సంతకం పెట్టారు, ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తర్వాత తేల్చింది. రాజీనామాకు సిద్ధపడ్డానని ఆయనే రాసుకున్నారు, చెయ్యలేదు. కలాం గారంటే నాకు ఎంత ఇష్టమైనా, ఆ రాత్రి ఒక ప్రశ్న రాసి తిప్పి పంపి ఉండాల్సిందనే అనిపిస్తుంది.

నైజీరియా అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ పేరు ఇలాంటి జాబితాల్లో అరుదుగా కనిపిస్తుంది. కారణం ఉంది. 2014 ఏప్రిల్‌లో చిబోక్ బడి నుంచి ఉగ్రవాద ముఠా బోకో హరాం 276 మంది ఆడపిల్లల్ని ఎత్తుకెళ్తే, ఆయన సరిగ్గా నోరు విప్పడానికి వారాలు పట్టింది. ఆ మచ్చ పోదు. కానీ 2015 మార్చి 31 సాయంత్రం, ఓట్ల లెక్క పూర్తిగా ప్రకటించకముందే, ప్రత్యర్థి బుహారీకి ఫోన్ చేసి అభినందించాడు. నాలుగేళ్ల ముందు, తాను గెలిచిన ఎన్నికల తర్వాత, అల్లర్లలో ఎనిమిది వందల మందికి పైగా చనిపోయారు. ఈసారీ దేశం ఊపిరి బిగబట్టి చూస్తోంది. పదవిలో ఉన్న అధ్యక్షుడు ఎన్నికల్లో ఓడిపోవడం ఆ దేశంలో అదే మొదటిసారి. లెక్కల్లో మోసం జరిగిందని ఒక్క మాట అంటే చాలు, మిగతాది వీధులు చూసుకునేవి. ఆయన ఆ మాట అనలేదు. పోయింది ఆయన పదవి ఒక్కటే.

చివరిగా అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్. నా కొలతకి కొరుకుడుపడని మనిషి ఈయన. 1974 సెప్టెంబరు 8, ఆదివారం పొద్దున, పదవికొచ్చి నెల రోజులే, వాటర్‌గేట్ కుంభకోణంలో మునిగి రాజీనామా చేసిన మాజీ అధ్యక్షుడు నిక్సన్‌కి పూర్తి క్షమాభిక్ష ప్రకటించాడు. గ్యాలప్‌లో ఆయన మద్దతు 71 నుంచి 50 శాతానికి పడిపోయింది. లోపాయికారీ ఒప్పందం ఏదైనా ఉందా అని అడిగితే స్వయంగా వెళ్లి కాంగ్రెస్ ఉపసంఘం ముందు కూర్చుని జవాబు చెప్పాడు. 1976లో ఓడిపోయాడు, ఆ సంతకం అందులో ఒక కారణమని అందరూ ఒప్పుకుంటారు. 2001లో కెన్నెడీ పేరుతో ఉన్న ఫౌండేషన్ ఆయనకి ధైర్యానికిచ్చే అవార్డు ఇచ్చింది. అప్పట్లో ఆ క్షమాభిక్షను తిట్టిపోసిన కెన్నెడీ తమ్ముడు ఎడ్వర్డే వేదికెక్కి, ఫోర్డ్ చేసిందే సరైనదన్నాడు.

నా లెక్క ప్రకారం నేనూ చప్పట్లు కొట్టాలి. ఫోర్డ్ తన బిల్లు పైసాతో సహా కట్టాడు. మరి నిక్సన్ బిల్లు? ఆయన మనుషులు హాల్డెమన్, ఎర్లిక్‌మన్, మిచెల్ జైలుకి పోయారు, ఆయన ఇంటికి పోయాడు. అధ్యక్షుణ్ని నేరానికి విచారించవచ్చా అన్న ప్రశ్న యాభై ఏళ్లు గాలిలో వేలాడింది. 2024 జులై 1న అమెరికా సుప్రీంకోర్టు 6-3తో అధికారిక చర్యలకి విస్తృతమైన రక్షణ ఉందంది. 1974లో, దేశమంతా నిక్సన్ టేపుల్లోని మాటలు చదివి ఉన్న వేడిలో, ఆ విచారణ జరిగి ఉంటే జవాబు వేరేగా వచ్చేదని నా నమ్మకం. ఆ ఆదివారమే ఫోర్డ్ ప్రెస్ సెక్రటరీ జెరాల్డ్ టెర్‌హోర్స్ట్ రాజీనామా చేశాడు. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్న కుర్రాళ్లకి లేని క్షమాభిక్ష, నిక్సన్ కింద పనిచేసినవాళ్లకి లేని క్షమాభిక్ష, నిక్సన్‌కి మాత్రం ఎలా ఇస్తారన్నది ఆయన అభ్యంతరం. ఉద్యోగంలో చేరి నెలే అయింది. అవార్డు ఫోర్డ్‌కి ఇచ్చారు గానీ, ఆ రోజు విషయంలో నేను టెర్‌హోర్స్ట్ పక్షమే.